పగులు పైన, జబ్బు కింద

హనుమకొండ వేయిస్తంభాల గుడి ముందున్న కల్యాణమండపాన్ని 2006లో కేంద్ర పురావస్తు శాఖ రాయి రాయిగా విప్పేసింది. కూలాక కాదు, కూలకముందే. స్తంభాలు ఒరిగాయి, దూలాలు బీటలిచ్చాయి, కప్పు కింద నిలబడటమే ప్రమాదమైంది. విప్పిన రాళ్లకు నంబర్లు వేసి దాచారు. మళ్లీ నిలబెట్టి జనానికి తెరిచింది 2024 మార్చి 8న, శివరాత్రి నాడు. ఈ మధ్యలో వరంగల్‌లో పుట్టిన పిల్లలు మండపాన్ని చూడకుండానే డిగ్రీకి వచ్చేశారు.

రుద్రదేవుడు 1163లో కట్టించిన త్రికూటాలయం ఇది. శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి మూడు గర్భగుళ్లు, ఎదురుగా నంది, నందికి అవతల మండపం. కంటికి కనిపించేదంతా రాయే, కింద మాత్రం ఇసుక. గొయ్యి తవ్వి, ఇసుక నింపి, దాని మీద గుడి లేపడం కాకతీయుల పద్ధతి. ఇంజనీర్లు దీన్ని శాండ్‌బాక్స్ పునాది అంటున్నారు. ఇసుక మీద గుడి అనగానే నవ్వొస్తుంది గానీ, నాలుగు వైపులా కట్టుదిట్టంగా ఉన్న ఇసుక ఎంత బరువైనా మోస్తుంది, భూమి అదిరితే ఆ అదురును తనలో ఇముడ్చుకుంటుంది. చిక్కల్లా అది ఎటో ఒకవైపు జారిపోయినప్పుడే. నీటి దారి మారినా, పక్కన లోతుగా తవ్వినా ఇసుక కదులుతుంది. ఒక స్తంభం పిసరంత దిగుతుంది. దాని మీద ఆనిన దూలం బరువు పక్క స్తంభం మీద పడుతుంది. రాయి నొక్కుడును భరిస్తుంది గానీ వంపును భరించదు, అందుకే దూలం నడిమికి పగులుతుంది. చూసేవాళ్లకు పగులు తల మీద కనిపిస్తుంది, జబ్బేమో కాళ్ల కింద ఉంటుంది.

పాలంపేట రామప్ప గుడిలోనూ ఇదే కథ. 1213 నాటి ఆ గుడికి యునెస్కో గుర్తింపు 2021లో వచ్చింది. మండపంలో నేల ఎగుడుదిగుడుగా కుంగి ఉంటుంది, శిల్పాల మీద నుంచి చూపు మరల్చి ఒక్కసారి పాదాల వైపు చూస్తే చాలు, తెలిసిపోతుంది. ఈ గుళ్లను పట్టి పట్టి చూసి రాసినవాళ్లలో ముందువాడు గులాం యాజ్దానీ. నిజాం ప్రభుత్వం 1914లో పెట్టిన పురావస్తు శాఖకు ఆయన తొలి అధిపతి. పాలంపేట గుళ్ల మీద ఆయన పుస్తకం 1922లో అచ్చయింది.

ఇక వరంగల్ ఊరి బజార్ల సంగతి. 1934లో ఆజంజాహి బట్టల మిల్లు వచ్చింది. మిల్లు జీతాలతో, రైలు స్టేషన్‌లో దిగే సరుకుతో వరంగల్‌లో వ్యాపారం పెరిగింది. మిల్లు 2002లో మూతపడినా బజార్లు మిగిలాయి. పాత దుకాణాల గోడలు డంగు సున్నంతో కట్టినవి, కప్పులు టేకు దూలాల మీద నిలిచినవి. సున్నం గోడ చెమ్మను పీల్చుకుని మళ్లీ బయటికి వదులుతుంది. దాని మీద అందం కోసం సిమెంటు పూత వేస్తే చెమ్మకు దారి మూసుకుపోతుంది. లోపల సున్నం మెత్తబడుతుంది, గోడలో దిగిన దూలం కొస పుచ్చిపోతుంది. బయటి నుంచి చూస్తే రంగేసిన గోడ నిక్షేపంగా ఉంటుంది. రిపేరు పేరుతో చేసిన ఇలాంటి పనులే పాత భవనాలను ఎక్కువగా దెబ్బతీశాయనడం అతిశయోక్తి కాదు.

2022 జూలై వానలకు ఆ బజార్లలో ఒకటైన మండిబజారులో ఒక పాత భవనం కూలి ఇద్దరు చనిపోయారు.

సిమెంటు కాంక్రీటు వచ్చాక జబ్బులు మారాయి, చూసే పద్ధతీ మారింది. ఆ ఇంజనీరింగు నేర్పే, 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీ, అంటే నేటి ఎన్ఐటీ, వరంగల్‌లోనే ఉంది. పాత భవనాన్ని పరీక్షించడానికి వచ్చిన అనుభవమున్న ఇంజనీరు నేరుగా లోపలికి వెళ్లడు. ముందు రోడ్డు అవతల నిలబడి భవనమంతా చూస్తాడు, ఏ మూలైనా ఒరిగిందా, ఏ సజ్జా వేలాడుతోందా అని. ఒంటరిగా వెళ్లడు, తలకు హెల్మెట్ లేకుండా వెళ్లడు. అనుమానమున్న దూలం కింద ఊతకర్రలు పెట్టించాకే అడుగు పెడతాడు. తడిసిన గోడలుంటే కరెంటు తీయిస్తాడు.

పగుళ్లన్నీ ఒకటి కావు. పూత మీద వలలా అల్లుకున్న సన్నటి నెర్రలు చాలామటుకు ప్లాస్టర్ ఎండడంలో వచ్చినవి, భయం లేదు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పాకి, ఒక కొసన వెడల్పవుతున్న పగులు మాత్రం పునాది ఒక పక్క దిగుతోందని అనుమానించాల్సినది. పిల్లరు మీద నిలువుగా, చువ్వ పొడవునా, తుప్పు మరకతో కనిపించేది లోపల ఇనుము ఉబ్బుతోందన్న సూచన. ఆ పిల్లరును సుత్తితో తడితే గట్టి కాంక్రీటు ఖంగున మోగుతుంది, పెచ్చు వదిలినచోట డొల్లగా పలుకుతుంది. పగులుకు అడ్డంగా సన్నటి గాజు పట్టీ అంటించి, పక్కన తేదీ రాసి పెడతారు. కొన్ని వారాలకు గాజు పగిలితే భవనం ఇంకా కదులుతున్నట్టే.

దుకాణాలుండే భవనాల్లో మరో చిక్కుంది. కింద షాపు వెడల్పు చేయడానికి గోడ తీసేస్తారు, పైన హోర్డింగులు, నీళ్ల ట్యాంకులు ఎక్కిస్తారు. సెల్లార్‌లో పిల్లర్లకు టైల్స్ అంటించి తుప్పును కప్పేస్తారు. ఆ టైల్స్ ఒకటి రెండు ఊడదీయమని ఇంజనీరు అడిగితే యజమానికి నచ్చదు.

వానాకాలం వస్తే శిథిల భవనాలకు కార్పొరేషన్ నోటీసులు అంటిస్తుంది. పాత అద్దెకు ఉన్న కిరాయిదారు భవనం బాగానే ఉందంటాడు, కొత్త కాంప్లెక్సు కట్టాలనుకునే యజమాని రేపే కూలుతుందంటాడు. ఇంజనీరు రిపోర్టు వచ్చేసరికి దాన్ని పట్టుకుని ఇద్దరూ కోర్టుకు వెళతారు. ఈలోగా ఇంకో వానాకాలం వస్తుంది.