అటక మీది వీణ

ముసునూరులో మే నెల మధ్యాహ్నం. అరుగు మీద గోనెపట్టా, దాని మీద వీణ. లోపలి గదిలో మాగేసిన రసాల వాసన ఇక్కడిదాకా వస్తోంది. నూజివీడు నుంచి వచ్చిన వీణల మేస్త్రి కుండ మీద గోరుతో గీశాడు.

"ఇది తలుపులకేసే పెయింటు కదమ్మా!"

"మా అత్తయ్యగారు నిగనిగలాడాలని వేయించారటండీ."

కాస్త దగ్గరగా జరగండి. గాజుపెంకు అంచు ఏటవాలుగా ఆనించి తనవైపు లాగుతున్నాడు. ఎర్ర పెయింటు చుట్టలు చుట్టలుగా లేస్తోంది. దాని కింద పాత లక్క, ఆ కింద పనస చెక్క. కోసిన కొత్తలో పసుపుపచ్చగా ఉండే పనస ఏళ్లు గడిచి ముదురు తేనెరంగుకు తిరిగింది. ఈ రంగు ఏ డబ్బాలోనూ దొరకదు.

పలక దగ్గరకొచ్చేసరికి చెయ్యి నెమ్మదించింది. తీగలను మోసే గుర్రం నిలబడేది దీని మీదే; తీగ అదురంతా దీనిలోకే దిగుతుంది. ఉప్పుకాగితంతో అతిగా రుద్దితే పలక పలచబడి నాదమే మారిపోతుంది. పాత వీణను కొత్తదానిలా చేసిపెట్టమనడం నాకందుకే మింగుడుపడదు. దండి అంచున ఎవరి బొటనవేలో రాసుకుని రాసుకుని నునుపు తేలిన చోటుంది. మేస్త్రి దాని జోలికి పోలేదు.

కుండ మీది సన్నటి బీటలో పనసపొడి కలిపిన బంక కూరాడు. ఆరాక స్పిరిట్‌లో నానిన లక్కను, దూది చుట్టిన గుడ్డతో పూత మీద పూతగా పట్టించాడు. తేమగాలిలో ఈ పాలిష్ తెల్లగా పాలిపోతుంది.

ఎండకు మైనం మెత్తబడి జారుతుందని, మెట్లను మైనంలో కూర్చే మేళం పనిని చల్లబడేదాకా ఆపాడు. తంజావూరులో రఘునాథ నాయకుడి కాలంలో, 17వ శతాబ్దంలో, స్థిరపడిందని చెప్పే 24 మెట్ల అమరిక ఇది. ఒక్కో మెట్టునూ మైనంలో అదిమి, తీగ మీటి, చెవి ఒగ్గి, వెంట్రుకవాసి జరిపి మళ్లీ మీటుతున్నాడు. పంచమం దగ్గర మూడుసార్లు ఆగాడు. నాలుగోసారి తల ఊపాడు.

మీ ఇంటి అటక మీదా ఒక వీణ ఉంటే దాని మీద ఏ రంగూ వేయించకండి. వానలు పడకముందే తెలిసిన మేస్త్రికి చూపించండి.