గుడ్డల కొట్టు కింద తిండి అంగడి

టోక్యోలోనో ఒసాకాలోనో పేరున్న డిపార్ట్‌మెంట్ స్టోర్‌కి వెళ్లి సెల్లార్‌లోకి దిగితే, మన ఊళ్లలోలా కార్లూ స్కూటర్లూ కనిపించవు. తిండి కనిపిస్తుంది. అద్దాల అరల్లో వంద గ్రాములకు ఇంత అని ధర రాసిన సలాడ్లు, నూనెలోంచి అప్పుడే తీసిన క్రొకెట్లు, అన్నం ఒక గదిలో చేప ఒక గదిలో సర్దిన బెంతో పెట్టెలు, ఋతువును బట్టి రూపం మార్చుకునే మిఠాయిలు. కేకు కొంటే కౌంటర్‌లోని మనిషి ఇంటికి చేరడానికి ఎంతసేపు పడుతుందని అడిగి, ఆ ప్రయాణానికి సరిపడా ఐస్ ప్యాకెట్లు పెట్టి మరీ కట్టిస్తారు. మూసే వేళ దగ్గరపడేకొద్దీ మిగిలిన పెట్టెల మీద ధర తగ్గింపు స్టిక్కర్లు పడతాయి. ఆఫీసు నుంచి ఇంటిదారి పట్టినవాళ్లు సరిగ్గా ఆ వేళకే దిగుతారు. జపాన్‌లో వీటిని దెపచికా అంటారు. ఇవాళ జపాన్ యాత్రకు గైడు పుస్తకం తెరిస్తే గుళ్లూ కోటల సరసన వీటికీ చోటుంటుంది. చూసొచ్చినవాళ్లలో చాలామంది అనే మాట ఒకటే: తిండి మీద అంత శ్రద్ధ ఉన్న జనం కాబట్టే ఇలాంటివి కట్టుకున్నారని. వినడానికి బాగానే ఉంది గానీ, చరిత్ర అలా చెప్పదు. వీటిని కట్టింది బట్టల వ్యాపారులూ, రైలు కంపెనీలవాళ్లూ. వాళ్లకు కావలసింది జనం రాకపోకలు. తిండి అందుకు వేసిన ఎర. ఎర బాగుండకపోతే జనం రారు కనక, నాణ్యత దాని వెనకాలే వచ్చింది.

మొదట్లో ఉన్నది కిమోనో గుడ్డే. 1673లో మిత్సుయి తకతోషి అనే వ్యాపారి ఇవాళ మనం టోక్యో అంటున్న ఎదో నగరంలో ఎచిగోయా పేరుతో బట్టల కొట్టు తెరిచాడు. అప్పటిదాకా పెద్ద వర్తకులు తానులు పట్టుకుని ప్రభువుల ఇళ్లకు వెళ్లేవారు, మనిషిని చూసి ధర చెప్పేవారు, అరువు మీద ఇచ్చి ఎప్పుడో వసూలు చేసుకునేవారు. తకతోషి కొట్లోనే కూర్చుని, బేరం లేదు, అరువు లేదు, అందరికీ ఒకే ధర అన్నాడు. కావలసినంత ముక్కే కోసి ఇచ్చాడు. ఆ కొట్టే తర్వాత మిత్సుకోషి అయింది, 1904లో డిపార్ట్‌మెంట్ స్టోర్‌గా మారుతున్నట్టు ప్రకటించుకుంది. అయినా చాలాకాలం అది కలవారి చోటే. గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికి వెళ్లాలి. కూరల సంచీ పట్టుకొచ్చే మనిషికి అక్కడ పని లేదు. ఆ తీరు మార్చినవాటిలో ముఖ్యమైనది 1923 సెప్టెంబర్ 1 నాటి భూకంపం. టోక్యోలో చాలా భాగం కాలిపోయాక ఈ స్టోర్లు తాత్కాలిక అంగళ్లు తెరిచి నిత్యావసరాలు అమ్మాయి. చెప్పులతోనే లోపలికి రానిచ్చే పద్ధతి కూడా ఆ తర్వాతే స్థిరపడింది. మిత్సుకోషికి కూతవేటు దూరంలో తరతరాలుగా ఉన్న నిహోంబషి చేపల బజారును కూడా ఆ భూకంపమే నాశనం చేసింది. ఆ బజారు త్సుకిజికి తరలి 1935లో అక్కడ కొత్త భవనాల్లో కుదురుకుంది. ఒకే విపత్తు చేపల బజారును ఉన్న చోటు నుంచి లేపింది, పట్టుగుడ్డల దుకాణాన్ని ఉప్పూ పప్పూ దాకా దించింది.

ఇక్కడ ఇంగ్లండ్ సంగతి తెలిసినవాళ్లు అడ్డు తగలొచ్చు. లండన్‌లోని హ్యారడ్స్ స్టోర్ పుట్టిందే పచారీ కొట్టుగా కదా, చార్లెస్ హెన్రీ హ్యారడ్ 1849లో నైట్స్‌బ్రిడ్జ్‌లో కుదురుకున్నది టీ, సరుకులు అమ్ముకునే మనిషిగానే కదా అని. ఫోర్ట్‌నమ్ అండ్ మేసన్ అయితే 1707 నాటిది. నిజమే, అక్కడ తిండి ముందు, తక్కినవి తర్వాత. కానీ హ్యారడ్స్‌లో జనం తలలెత్తి చూసే మాంసం హాలు, చిత్రకారుడు నీట్‌బీ గీసిన వేట దృశ్యాల డోల్టన్ టైళ్ల గోడలు, 1902 నాటికి గానీ రాలేదు. అప్పటికి అది అన్నీ అమ్మే మహా దుకాణం. తిండి ఆ దుకాణం గొప్పను చూపించే ముఖం అయిపోయింది. పారిస్ చూస్తే సంగతి ఇంకా తేటగా ఉంటుంది. అరిస్తీద్ బూసికో 1852లో చేపట్టిన బట్టల కొట్టు లె బాన్ మార్షేలో తిండి కౌంటర్ 1923లో వచ్చింది. అంటే డెబ్బై ఏళ్లపాటు తిండి లేకుండానే ప్రపంచానికి డిపార్ట్‌మెంట్ స్టోర్ అంటే ఏమిటో నేర్పింది. ఇప్పుడు యాత్రికులు వెతుక్కుంటూ వెళ్లే లా గ్రాంద్ ఎపిస్రీ తిండి హాలు ఆ కౌంటర్‌కి మనవరాలు.

జపాన్‌లో అసలు మలుపు తిప్పినవాడు బట్టల వ్యాపారి కూడా కాదు. కొబయాషి ఇచిజో రైలు నడిపేవాడు. 1910లో ఒసాకాలోని ఉమెద నుంచి తకరజుక దాకా వేసిన అతని లైను వెంట పెద్ద ఊళ్లు లేవు, ఎక్కేవాళ్లూ లేరు. అందుకని లైను పక్కన స్థలాలు కొని ఇళ్లు కట్టి వాయిదాల మీద అమ్మాడు. లైను ఆ చివర అమ్మాయిల నాటక బృందాన్ని పెట్టాడు, దాని మొదటి ప్రదర్శన 1914లో జరిగింది. ఈ చివర ఉమెద స్టేషన్‌లో ఏం పెట్టాలన్నది మిగిలిన ప్రశ్న. 1920లో తన భవనంలో కింది అంతస్తు వేరే స్టోర్‌కి అద్దెకిచ్చి, పై అంతస్తులో భోజనశాల నడిపి చూశాడు. 1925లో సొంతంగా మార్కెట్ తెరిచాడు. 1929లో రైలు కంపెనీయే నడిపే హాంక్యూ డిపార్ట్‌మెంట్ స్టోర్ వచ్చింది. అతని లెక్క సాదాగా ఉంటుంది: జనాన్ని రప్పించడానికి తక్కిన దుకాణాలు ఖర్చు పెట్టాలి, స్టేషన్‌కి జనం ఎలాగూ వస్తారు. ఆర్థిక మాంద్యం రోజుల్లో ఆ స్టోర్ భోజనశాలలో కొందరు అన్నం మాత్రమే కొని, బల్ల మీద ఊరికే దొరికే సాస్ పోసుకుని తినిపోయేవారు. తక్కినవాళ్లయితే గెంటేసేవారేమో. కొబయాషి మాత్రం అన్నం మాత్రమే తీసుకునేవారికి స్వాగతం అని బోర్డు పెట్టించాడు. ఇవాళ డబ్బుల్లేని కుర్రవాళ్లు రేపు పెళ్లాం పిల్లలతో వస్తారన్నది అతని ఆలోచన అని చెప్తారు. దయ అనుకోండి, దూరదృష్టి అనుకోండి, ఆ పళ్లెం అన్నంలో అతను చూసింది రేపటి ప్రయాణికుణ్ణే.

తిండి సెల్లార్‌కే ఎందుకు దిగింది అంటే, అక్కడా రైలే. టోక్యోలో మొదటి భూగర్భ రైలు 1927లో నడిచింది. ఆ లైను మీద 1932లో తెరిచిన ఒక స్టేషన్ ఖర్చు మిత్సుకోషి పెట్టుకుంది, పేరు కూడా స్టోర్ పేరే వచ్చింది. భూగర్భ స్టేషన్ నుంచి మెట్లెక్కకుండా నేరుగా దుకాణంలోకి నడిచి రావచ్చు. అంతకు ముందు అటకలాంటి చోటయిన సెల్లార్ ఒక్కసారిగా సింహద్వారం అయిపోయింది. నీళ్లు, గ్యాసు, మురుగు గొట్టాలు కింద అమర్చుకోవడమే తేలిక. చేపల వాసన పైనున్న పట్టు కిమోనోలదాకా పోకుండా ఆపడమూ తేలికే. 1936లో నగొయలోని మత్సుజకాయ సెల్లార్‌లో తెరిచిన తిండి అంతస్తును దెపచికాల్లో మొదటిదిగా సాధారణంగా చెప్తారు. కింద తిండికి వచ్చిన మనిషి పై అంతస్తులకు ఎక్కుతాడన్న లెక్కను అక్కడి వ్యాపారులు ఫౌంటెన్ ఎఫెక్ట్ అంటారు.

అయితే జనం రాకపోకల వల్ల అమ్మకం పెరుగుతుంది గానీ రుచి ఎలా పెరుగుతుంది? రద్దీగా ఉండే చోట నాసిరకం తిండి ఎంత బాగా అమ్ముడుపోతుందో మన బస్టాండుల్లో చూస్తూనే ఉంటాం. నా వాదానికి అసలైన అడ్డంకి ఇదే. దీనికి జవాబు 1951లో టోక్యోలోని షిబుయలో ఉంది. అక్కడి తోయొకో స్టోర్ 1934లో గోతొ కెయిత రైలు సంస్థ పెట్టినది. గోతొకు దారి చూపినవాళ్లలో కొబయాషీ ఒకడు. ఆ స్టోర్ పేరు మోసిన పాత మిఠాయి కొట్లనూ, తిండి కొట్లనూ పిలిచి ఒకే చోట వరసగా కౌంటర్లు ఇచ్చింది, ఆ వరసకు తోయొకో నోరెన్‌గాయి అని పేరు పెట్టింది. నోరెన్ అంటే పాత కొట్టు గుమ్మానికి కట్టే తెర, ఆ కొట్టు పరువుకు గుర్తు. బందరు లడ్డూ, తాపేశ్వరం కాజా, ఆత్రేయపురం పూతరేకులు ఆయా ఊళ్లలో చేసేవాళ్ల పేర్లతోనే సికింద్రాబాద్ స్టేషన్‌లో పక్కపక్కనే అమ్మితే ఎలా ఉంటుందో అలాంటి ఏర్పాటు. స్టోర్ తన పేరు మీద మిఠాయి చేయించి అమ్మి ఉంటే, పోతే కొంత లాభమే పోయేది. ఇక్కడ వందేళ్ల ఇంటిపేరు పందెంలో ఉంది, పక్క కౌంటర్‌లో పోటీదారు ఉన్నాడు, కొనేవాడు రోజూ అదే దారిన పోయేవాడు. బస్టాండులో కొనేవాడు మళ్లీ కనిపించడు. రోజూ సీజన్ టికెట్ మీద ప్రయాణం చేసేవాణ్ణి ఒకసారి మోసం చేస్తే మర్నాడు పక్క కౌంటర్‌కి వెళ్తాడు. పైగా ఈ స్టోర్లలో చాలాచోట్ల సరుకు అమ్ముడుపోయే క్షణం దాకా కొట్టువాడిదే, అమ్మినప్పుడే లెక్కల్లో స్టోర్ కొన్నట్టు. మిగిలిపోతే నష్టం చేసినవాడిదే. దాంతో కొద్దికొద్దిగా, ఎప్పటికప్పుడు చేయడం తప్పనిసరయింది. దీనికి కానుకల రివాజు తోడయింది. వేసవిలోనూ, ఏడాది చివరా పై అధికారులకూ, గురువులకూ, బంధువులకూ తినుబండారాలు పంపడం అక్కడ మర్యాద. ఏం పంపారన్నదానితో పాటు ఎక్కడ కొని పంపారన్నదీ చూస్తారు, అది కాగితం చూడగానే తెలిసిపోతుంది. మిత్సుకోషి తెలుపు మీద ఎరుపు ఆకృతుల చుట్టుకాగితాన్ని 1950లో చిత్రకారుడు ఇనొకుమ గెనిచిరో గీశాడు. దాని మీద స్టోర్ పేరు రాసిన ఉద్యోగి యనసె తకషి, తర్వాత అన్‌పన్‌మన్ బొమ్మల కథలతో జపాన్ పిల్లలందరికీ తెలిసినవాడయ్యాడు. పెట్టె మీద పెట్టె, కాగితం మీద కాగితం కట్టే ఆ అలవాటు ఇవాళ్టి లెక్కన దండగే, దాన్ని వెనకేసుకురాను.

జనం దారిలో ఎర పెట్టడమే సూత్రమైతే బెర్లిన్‌లోని కాదేవే స్టోర్ తిండిని ఆరో అంతస్తుకు ఎందుకెక్కించింది అని మరో ప్రశ్న రావచ్చు. 1907లో తెరిచి, 1943లో విమానం కూలి తగలబడి, 1950లో మళ్లీ తలుపులు తీసిన ఆ స్టోర్ చీలిన నగరంలో పశ్చిమ బెర్లిన్ సంపదకు ప్రదర్శనశాల అయింది. ఆరో అంతస్తుకు ఎక్కే మనిషి దారిలో అన్ని అంతస్తులూ చూస్తాడు, దిగేటప్పుడు మళ్లీ చూస్తాడు. అదీ రాకపోకల లెక్కే, దిశ మారిందంతే. జపాన్ స్టోర్లు ఈ పనికి పై అంతస్తుల్లో జాతరలు పెడతాయి. టోక్యో షింజుకులోని కెయో స్టోర్ దేశంలోని రైల్వే స్టేషన్ల భోజనం పెట్టెలను ఒకచోట చేర్చి అమ్మే సంతను 1966లో మొదలుపెట్టింది. తిండి కోసం ఎక్కిన జనం దిగుతూ చొక్కా కొంటారన్నది ఆశ.

యాత్రికుల్లో ఎక్కువమంది దగ్గర వినిపించే ఆక్షేపణ వేరు. ఊరి అసలు తిండి బజార్లో ఉంటుంది, ఏసీ హాల్లో ఉండేది డబ్బున్నవాళ్ల వేషం అంటారు. ఒకప్పుడు ఇందులో నిజముండేది. కానీ క్యోతోలోని నిషికి బజారును చూడండి. చల్లటి ఊటనీటి పుణ్యమా అని చేపల బజారుగా ఎదిగి, 1615లో ప్రభుత్వ అనుమతి పొందిన సందు అది. ఇప్పుడక్కడ నడుస్తూ తినొద్దని పర్యాటకులకు బోర్డులు పెట్టాల్సి వస్తోంది. త్సుకిజిలో టోకు బజారు 2018 అక్టోబర్‌లో తొయొసుకి వెళ్లిపోయాక, బయట మిగిలిన కొట్ల దగ్గర క్యూలో ఉండేవాళ్లలో యాత్రికులే బాగా కనిపిస్తారు. సాయంత్రం ఆరింటికి దెపచికాలో మీ ముందు నిలబడ్డ మనిషి మాత్రం రాత్రి భోజనానికి కూర కొనుక్కుంటూ ఉంటాడు. ఊరివాళ్లు ఏం తింటున్నారో తెలుసుకోవాలనుకుంటే ఊరివాళ్లు కొనే చోటికే వెళ్లాలి. మనవాళ్లలో శాకాహారులు ఒకటి గుర్తుంచుకోవాలి: చూడ్డానికి కూరగాయలే అనిపించే వాటిలోనూ చేప కాచిన దాషి ఉండొచ్చు, అడిగి కొనుక్కోవడమే మంచిది. బియ్యప్పిండి, చిక్కుడు జాతి గింజల ముద్దతో చేసే మిఠాయిల దగ్గర ఆ బెంగ తక్కువ.

వీధి కొట్లను ఈ స్టోర్లు మింగేశాయన్న ఫిర్యాదుకు మాత్రం పూర్తి జవాబు లేదు. చిన్న వర్తకుల ఆందోళన వల్లే 1937లో డిపార్ట్‌మెంట్ స్టోర్ల చట్టం వచ్చింది. యుద్ధం తర్వాత దాన్ని ఎత్తేసినా, 1956లో మళ్లీ అలాంటిదే తేవలసి వచ్చింది. నోరెన్‌గాయి కొన్ని పాత కొట్లకు కొత్త ఆయుష్షు పోసింది. పిలుపు రాని కొట్ల సంగతి వేరు. పేరు మోసినవాడికి కౌంటర్ దక్కింది, మూలవీధిలో ఊరూపేరూ లేకుండా మంచి అప్పడాలు చేసేవాడికి దక్కలేదు.

జపాన్ డిపార్ట్‌మెంట్ స్టోర్ల అమ్మకాలు 1991లో 9.7 లక్షల కోట్ల యెన్ల దరిదాపుకు చేరి, అక్కడి నుంచి జారిపోతూ వచ్చాయి. బట్టలు కొనేవాళ్లు గొలుసు దుకాణాలకూ, తర్వాత ఫోన్లకూ వెళ్లిపోయారు. ఆ పతనం మధ్యలో, 2000 ఏప్రిల్‌లో, షిబుయలో తోక్యూ ఫుడ్ షో అనే తిండి హాలు తెరిస్తే జనం విరగబడ్డారు, తక్కిన స్టోర్లూ సెల్లార్లు తిరగగట్టాయి. ఏ బట్టల కోసం తిండిని ఎరగా వేశారో ఆ బట్టలను ఇప్పుడు తిండి మోయాల్సి వచ్చింది. అందులోనూ మోయగలిగింది కొంతవరకే. ఎనభై అయిదేళ్లు నడిచిన తోయొకో స్టోర్ 2020 మార్చి 31న మూతపడింది, భవనాన్ని పడగొట్టడం మొదలుపెట్టారు. నోరెన్‌గాయి అంతకు ముందే పక్క భవనంలోకి మారి బతికింది. ఫుడ్ షో ఇవాళ్టికీ స్టేషన్ కిందే నడుస్తోంది.