పుట్టింటి పురుడు - పేట లెక్క: నవజాత శిశుమరణాల నమోదు చరిత్ర

వ్యాససంగ్రహం: ఒకే పట్టణంలో పేటకూ పేటకూ మధ్య నవజాత శిశుమరణాల్లో ఉండే అంతరం అధికారిక లెక్కల్లో ఎందుకు మరుగున పడుతుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఇందుకు 1921 నాటి బొంబాయి గణాంకాలు, 1969 నమోదు చట్టం, గడ్చిరోలి అనుభవం ఆధారాలు.

కీలకపదాలు: నవజాత శిశుమరణం, పుట్టిల్లు, పేట, నమోదు, మైదుకూరు.

1. ఉపోద్ఘాతం

పుట్టిన 28 రోజుల లోపు మరణాన్ని నవజాత శిశుమరణమనీ, ఏడాదిలోపు మరణాన్ని శిశుమరణమనీ వ్యవహరిస్తారు. 2020 నమూనా నమోదు విధానం ప్రకారం దేశంలో వెయ్యి సజీవ జననాలకు 28 మంది శిశువులు మరణించగా, వారిలో 20 మంది నవజాతులే. నెలలు నిండని కాన్పు, తక్కువ బరువు, పుట్టగానే ఊపిరాడకపోవడం, అంటువ్యాధులు ఇందుకు ప్రధాన కారణాలు. ఇవి వైద్యపరమైన కారణాలే అయినా వీటి వెనుక తల్లి తిండి, ఇంటి ఇరుకు, మంచినీరు, ఆసుపత్రికి చేరే వ్యవధి ఉన్నాయి. అవి పేటను బట్టి మారుతాయి.

2. బొంబాయి: గదుల లెక్క

ఈ అంతరాన్ని అంకెల్లో చూపిన తొలి భారతీయ నగరాల్లో బొంబాయి ఒకటి. 1921లో అక్కడ నమోదైన వెయ్యి జననాలకు ఒకే గదిలో కాపురమున్న కుటుంబాల్లో శిశుమరణాలు సుమారు 828 కాగా, నాలుగు, అంతకు మించి గదులున్న ఇళ్లలో సుమారు 133. నిజాం రాజ్యం నుండి వెళ్లిన కామాఠీల పేరనే కామాఠిపురా వెలసిన ఆ నగరంలో తెలుగు శ్రామికులూ ఇరుకు గదుల్లోనే బతికారు.

అయితే ఈ అంకెపై నాడే ఆక్షేపణ వచ్చింది. చాలామంది తల్లులు పురిటికి స్వగ్రామాలకు వెళ్లేవారు. జననం ఊరిలో నమోదై, బిడ్డతో తిరిగివచ్చాక సంభవించిన మరణం నగరంలో నమోదయ్యేది. హారం తగ్గడంతో రేటు పెరిగింది. అంతమాత్రాన ఇరుకు గదుల దుస్థితి అబద్ధం కాదు. దాని పరిమాణమే అనిశ్చితమైంది.

3. చట్టం, పుట్టిల్లు

1969 జనన మరణాల నమోదు చట్టం ప్రకారం ఘటన జరిగిన చోటే నమోదు జరగాలి. చట్టపరంగా ఇది సబబే. కానీ మైదుకూరు తల్లి ప్రొద్దుటూరులోనో కడపలోనో ప్రసవిస్తే జననం అక్కడి పుస్తకంలో చేరుతుంది. బిడ్డ అక్కడే మరణిస్తే ఆ మరణమూ అంతే. తొలికాన్పు పుట్టింట జరగాలన్న తెలుగువారి ఆచారం ఈ దూరాన్ని మరింత పెంచుతుంది. ఆసుపత్రి ఉన్న పట్టణానికి మరణాల సంఖ్య పెరుగుతుంది, తల్లి కాపురమున్న పేట మాత్రం క్షేమంగా ఉన్నట్టు కనిపిస్తుంది. నమూనా నమోదు విధానం రాష్ట్రస్థాయి అంచనాలకు ఉద్దేశించినది. పేటల మధ్య తేడాను అది చెప్పలేదు.

4. గడ్చిరోలి: ఇంటింటి లెక్క

మహారాష్ట్రలోని గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ బృందం ముందుగా ఇంటింటా జనన మరణాలను లెక్కించి, తర్వాత శిక్షణ పొందిన గ్రామ మహిళలతో నవజాత సంరక్షణ చేయించింది. పోలిక గ్రామాలతో చూస్తే మరణాల రేటు 62 శాతం తగ్గినట్టు 1999లో ప్రచురించిన అధ్యయనం తెలిపింది. 2011లో దేశవ్యాప్తమైన గృహాధారిత సంరక్షణలో ఆసుపత్రి కాన్పు తర్వాత ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వెళ్లాలి. ఈ లెక్క ఆసుపత్రిని కాక ఇంటిని అనుసరిస్తుంది. అయినా బాలింత పుట్టింట ఉంటే ఆ ఇల్లు మరో కార్యకర్త పరిధిలోనిది. ఇద్దరి పుస్తకాలు కలిస్తేనే తల్లి పేట తేలుతుంది.

5. ముగింపు

బొంబాయిలో పురిటి ప్రయాణం పేద గదుల మరణాల రేటును పెంచి చూపింది. నేటి చిన్న పట్టణంలో అదే ప్రయాణం పేద పేట మరణాలను దాచగలదు. రెండుచోట్లా లోపం అంకెలోనిది కాదు, అంకెను ఏ చోటుకు కట్టామన్నదానిలోనిది. ప్రతి జననాన్నీ, మరణాన్నీ తల్లి నివసించే వీధికి జతపరచి చూడనంత కాలం, మైదుకూరు వంటి పట్టణాల్లో ఏ పేటకు ముందుగా ఆదరువు కావాలో నిర్ణయించడం ఊహకే మిగులుతుంది.