అద్దంకి శిల, గోల్కొండ శిల

తెలుగువారి చరిత్రలో శిలకు గల గౌరవం అద్దంకి పేరు వినగానే జ్ఞాపకం వస్తుంది. క్రీ.శ. 848 నాటి పండరంగుని శాసనం అక్కడ లభించినదే. గుణగ విజయాదిత్యుని సేనాని విజయాలతోపాటు తరువోజ ఛందస్సునూ ఆ రాయి భద్రపరచింది. గ్రంథాలు మౌనం వహించిన చోట శిల పలుకుతుందనడానికి ఇది నిదర్శనం. మస్జిదుల గోడలపై చెక్కిన అరబ్బీ, పారశీక శాసనాలకూ ఇదే విలువ గలదు.

రాజమండ్రి మస్జిదు శాసనం హిజ్రీ 724, అనగా క్రీ.శ. 1324 నాటిది. గియాసుద్దీన్ తుగ్లక్ పాలన గోదావరి తీరానికి చేరిందనడానికి అది తిరుగులేని సాక్ష్యం.

అంతకన్న ముఖ్యమైనది గోల్కొండ కోటలోని జామె మస్జిదు శాసనం. అద్దంకి శాసనంలో అక్షరాలను రాతిలోకి తొలిచారు. ఇటువంటి అరబ్బీ శాసనాలలో సాధారణంగా అక్షరం చుట్టూ ఉన్న రాతిని చెక్కివేసి అక్షరాన్ని ఉబ్బెత్తుగా నిలిపేవారు. ఈ మస్జిదును హిజ్రీ 924 (క్రీ.శ. 1518)లో కులీ కుతుబుల్ ముల్క్ నిర్మించాడు. సుల్తాన్ కులీ 1512లోనే స్వతంత్రుడయ్యాడని అనేక పాఠ్యగ్రంథాలు వ్రాశాయి. కాని ఆయనే కట్టించిన మస్జిదు మీద పాలకునిగా కనిపించే పేరు బహమనీ సుల్తాను మహమూద్ షాది! స్వతంత్రుడైన రాజు అల్లాహ్ గృహద్వారాన మరొకరిని ప్రభువుగా పేర్కొంటాడా? 1543లో హత్యకు గురైన తరువాత ఆయన సమాధిశిల కూడా ఆయనను ‘బడే మాలిక్’ అనే పిలిచింది. ఇటువంటి ఆధారాలను బట్టియే హెచ్. కె. షేర్వానీ పాత అభిప్రాయాన్ని త్రోసిపుచ్చారు. తరువాతి చరిత్రకారులు ఆపాదించిన కిరీటాన్ని ఆనాటి రాయి అంగీకరించలేదన్నమాట.

శాసనంలో నిర్మాత పేరు, పాలకుని పేరు, హిజ్రీ సంవత్సరం ఉంటాయి. వీటిలో ఏ ఒక్కటి చెరిగినా చరిత్రలో ఒక పుట పోయినట్లే. ఉబ్బెత్తు అక్షరాల నడుమ పల్లాలను ఏటేటా వేసే సున్నం పూడ్చివేస్తుంది. మరమ్మతుల్లో తొలగించిన పలక ఎక్కడిదో కొన్నాళ్ళకు ఎవరికీ తెలియదు.

కావున మస్జిదును బాగుచేయ పూనుకున్న వారు ముందుగా దాని శాసనాన్ని ఛాయాచిత్రం తీయించి, నిపుణుల చేత చదివించి, పాఠాన్ని దస్తావేజులతో సమంగా దాచి ఉంచాలి. పూర్వులు మనకొక అమానతును అప్పగించారు. దానిని చదవలేకపోవడం లోపమే కావచ్చు. చెరిపివేయడం మాత్రం ద్రోహం.