బకాయి ఆటలు: జంషెడ్‌పూర్ పద్దులో ఒక తరం

నలభై దాటిన వయసులో, పాతికేళ్ల కిందట ఆడవలసిన వీడియో గేములను ఒక్కొక్కటిగా పూర్తిచేసే అలవాటు ఇటీవల ప్రపంచమంతటా మధ్యతరగతిలో కనిపిస్తున్నది. ఆడక మిగిలిపోయిన ఆటల జాబితాను బ్యాక్‌లాగ్ అంటారు. తెలుగులో దానికి సరిపోయే మాట బకాయి. అమెరికాలోనో జపానులోనో ఈ బకాయికి కారణం సులభంగా చెప్పవచ్చు: కొన్నవన్నీ ఆడేందుకు తీరిక చిక్కలేదు. జంషెడ్‌పూర్‌లో పెరిగిన తరానికి ఆ వివరణ వర్తించదు. వారి జాబితాలోని ఆటలు కొని పక్కన పెట్టినవి కావు. అసలు ఊరి పొలిమేర దాకా రానివి. బకాయి అన్నాక బాకీపడ్డవారు ఒకరుండాలి. ఈ పద్దును ఎవరి పేరిట రాయాలన్నది ఆటల ప్రశ్నగా మొదలై, దేశ ఆర్థిక విధాన చరిత్రలోకి దారి తీస్తుంది.

1907లో టాటా ఇనుము ఉక్కు కంపెనీ ఏర్పడింది. 1912లో తొలి ఉక్కు దిమ్మ తయారైంది. సాక్చి గ్రామం చుట్టూ ఎదిగిన పట్టణానికి 1919లో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ జంషెడ్‌పూర్ అని పేరుపెట్టాడు. బెంగాల్ నాగపూర్ రైలుమార్గం ఒకవైపు వాల్తేరును, మరోవైపు కాలిమాటి స్టేషన్‌ను హౌరాతో కలిపింది. ఆ కాలిమాటే తరువాత టాటానగర్ అయింది. ఉత్తరాంధ్ర నుంచి, గంజాం నుంచి కూలికోసం బయలుదేరినవారు ఆ పట్టాల వెంటే ఉక్కు కొలిమి దగ్గరకు చేరారు. బిష్టుపూర్ రామమందిరం, కద్మాలోని ఆంధ్ర నాటక సాహిత్య సంఘం వారి జ్ఞాపకాన్ని నిలిపిన సంస్థలు. నాటకాన్ని, భజనను, భాషను వెంట తెచ్చుకున్న తాతల తరం వాటిని భద్రపరచడానికి ఒక చోటును కూడా కట్టుకున్నది. మనుమల తరానికి బాల్యపు జ్ఞాపకమంటే టీవీ తెర, దానికి తగిలించిన చిన్న ప్లాస్టిక్ పెట్టె. దాన్ని భద్రపరచే చోటు ఏదీ ఇంతవరకు ఏర్పడలేదు.

గోడకు రెండు ముఖాలు

1983 జులైలో జపానులో నింటెండో సంస్థ ఫామికామ్ అనే ఆట యంత్రాన్ని విడుదల చేసింది. 1985లో సూపర్ మారియో బ్రదర్స్ వచ్చింది. ఆ కాలానికి భారతదేశంలో, 1982 ఏషియాడ్ పుణ్యమా అని, రంగుల టీవీ ఇళ్లలోకి అడుగుపెట్టింది. తెర ఉన్నది, ఆట లేదు. విదేశీ మారకద్రవ్యం కరవైన దేశంలో వినియోగ వస్తువుల దిగుమతికి ప్రభుత్వం దాదాపుగా తలుపు మూసింది. లైసెన్సు దొరికినా 1991కి ముందు గరిష్ఠ కస్టమ్స్ సుంకం 300 శాతం దాటేది. యంత్రాలకు, ఎరువులకు, చమురుకే డాలర్లు చాలని స్థితిలో పిల్లల ఆటవస్తువు విలాసమని ప్రణాళికాకర్తలు తలచడంలో అప్పటి తర్కం అప్పటికి ఉన్నది.

అయితే ఆ గోడకు రెండో ముఖం కూడా ఉంది. జంషెడ్‌పూర్ క్వార్టర్లలో స్థిరమైన జీతం, కంపెనీ ఆసుపత్రి, కంపెనీ ఇచ్చే నీరు, విద్యుత్తు, తండ్రి తరువాత కొడుకుకు ఉద్యోగమన్న భరోసా కూడా అదే రక్షిత ఆర్థిక వ్యవస్థ నీడలోనే నిలిచాయి. ఉక్కు ధర, పంపిణీలపై ప్రభుత్వ నియంత్రణ 1992 జనవరి దాకా కొనసాగింది. తండ్రి కొలువును కాపాడిన గోడే కొడుకు ఆటను ఆపింది. లైసెన్సు రాజ్యాన్ని పూర్తిగా తిట్టేవారూ, పూర్తిగా పొగిడేవారూ ఈ రెండు ముఖాలను ఒకేసారి చూడడానికి ఇష్టపడరు.

దొడ్డిదారి సరుకు

మూసిన తలుపు కోరికను ఆపలేదు, దొడ్డిదారిని తెరిచింది. జంషెడ్‌పూర్ అప్పుడు బీహార్‌లో భాగం. ఆ రాష్ట్రపు ఉత్తరపు అంచున రక్సౌల్, దాని ఆవల నేపాల్. తూర్పున కొన్ని గంటల రైలు ప్రయాణంలో కలకత్తా. అక్కడ ఖిదిర్‌పూర్ రేవు పక్కన ఫ్యాన్సీ మార్కెట్ విదేశీ సరుకులకు తూర్పు భారతమంతటా పేరుమోసిన చిరునామా. నింటెండో యంత్రం సమురాయ్ పేరిట దేశంలో అమ్ముడైనా, సామాన్య కుటుంబాలకు అందినవి ఎక్కువగా తైవాన్, చైనాలలో తయారైన నకళ్లే. తైవాన్‌కు చెందిన యూఎంసీ అనే సంస్థ ఫామికామ్ చిప్పులకు అనుకరణలు తయారుచేయడంతో, ఎవరైనా ఒక పెట్టె బిగించి ఏదో ఒక పేరు అంటించి అమ్మగలిగే స్థితి ఏర్పడింది. మైక్రో జీనియస్ వంటి పేర్లు అలా ఇంటింటి మాటలయ్యాయి.

ఆ పెట్టెతో వచ్చిన ఆటలు ఏవి, రానివి ఏవి అన్నది గమనించదగ్గ విషయం. "99,99,999 ఆటలు" అని రాసివున్న క్యాసెట్‌లో నిజానికి ఉండేవి పట్టుమని కొన్నే. అవే పేర్లు మార్చుకుని మళ్లీ మళ్లీ వచ్చేవి. చవక క్యాసెట్‌లో పట్టేది చిన్న ఆట మాత్రమే. సూపర్ మారియో మొత్తం పరిమాణం 40 కిలోబైట్లు. కాంట్రా వంటి కొంచెం పెద్ద ఆటలూ దొరికాయి గానీ, అవీ ఒక్క కూర్చునికిలో ముగిసేవే. నెలల తరబడి సాగే కథా ప్రధానమైన ఆటలకు ఆటగాడి ప్రగతిని గుర్తుంచుకునే బ్యాటరీ కావాలి. ఆ బ్యాటరీ ఖర్చును నకలు తయారీదారు భరించడు. అందువల్ల 1986 నాటి లెజెండ్ ఆఫ్ జెల్డా, 1987 నాటి ఫైనల్ ఫాంటసీ, జపానులో ఒక తరాన్ని ఊపేసిన డ్రాగన్ క్వెస్ట్ ఇక్కడి బాల్యంలో దాదాపుగా లేవు. అంటే ఈ తరానికి తెలిసిన వీడియో గేమ్ అంటే దూకడం, కాల్చడం, పరుగెత్తడం. చదవడం, ఆలోచించడం, ఒక లోకంలో నెలల పాటు నివసించడం అనే సగం ఆ కళారూపం నుంచి కత్తిరించబడి వచ్చింది.

వచ్చిన సగం కూడా యథాతథంగా రాలేదు. జపాను టీవీ తెర సెకనుకు సుమారు 60 సార్లు మారితే, భారతదేశం ఎంచుకున్న పాల్ పద్ధతిలో 50 సార్లే. దానికి అనుగుణంగా చేసిన నకలు యంత్రాలలో ఆట ఆరోవంతు నెమ్మదిగా నడిచేది. నేడు కంప్యూటర్ మీద అదే కాంట్రాను అసలు వేగంతో ఆడి, ఆట కఠినమైందనీ, వయసు మీదపడిందనీ అనుకునేవారు కొంతవరకు పొరబడుతున్నట్లే. మారినది వేళ్లు మాత్రమే కాదు. ప్రసార ప్రమాణం కూడా.

తెరిచిన తలుపు

1991 తరువాత కూడా వినియోగ వస్తువుల దిగుమతిపై ఆంక్షలు ఒక్కసారిగా తొలగలేదు. 1995లో సెగా సంస్థ భారతదేశానికి వచ్చినప్పుడు, 80 శాతం దిగుమతి సుంకాన్ని తప్పించుకునేందుకు షా వాలెస్‌తో ఒప్పందం చేసుకున్నది. మద్యం వ్యాపారంలో పేరున్న సంస్థ ద్వారా పిల్లల ఆట యంత్రం అమ్ముడు కావడం ఆ కాలపు విచిత్రం. అయినా మెగా డ్రైవ్ ధర 18,000 రూపాయలు. ఆ ధర దొడ్డిదారి సరుకుకే మరింత గిరాకీ పెంచింది. చివరకు అమెరికా ఫిర్యాదుపై ప్రపంచ వాణిజ్య సంస్థలో 1999లో భారతదేశం ఓడిపోవడంతో, 2000 ఏప్రిల్ 1న 714, 2001 ఏప్రిల్ 1న మరో 715 రకాల వస్తువులపై పరిమాణ ఆంక్షలు తొలగాయి.

తలుపు తెరుచుకునే సమయానికి ఇల్లు మారిపోయింది. 1990ల ఆరంభంలో 70 వేలు దాటిన టాటా స్టీల్ ఉద్యోగుల సంఖ్య 2000ల మధ్యనాటికి దాదాపు సగానికి పడిపోయింది. ముందస్తు విరమణ పథకాలతో తండ్రులు బయటికి వచ్చారు. కొడుకులకు, కూతుళ్లకు కొలిమి దగ్గర చోటు కుంచించుకుపోయింది. ఎందరో హైదరాబాదుకు, బెంగళూరుకు, విదేశాలకు కదిలారు. ఆటలు అందుబాటులోకి వచ్చిన దశాబ్దంలోనే ఆడే తీరిక పోయింది. అనేక కుటుంబాలలో బకాయి పేరుకున్నది అక్కడే.

చట్టం మరచినవారు

ఇప్పుడా బకాయి తీర్చుకోవాలంటే చట్టం అడ్డం వస్తుంది. 1999 సవరణతో కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో చేరిన ఒక ఉపనిబంధన, స్వయంగా చట్టబద్ధంగా పొందిన ప్రతి నుంచి వ్యక్తిగత, వాణిజ్యేతర వినియోగానికి కంప్యూటర్ ప్రోగ్రాం నకలు తీసుకోవచ్చని చెబుతుంది. ఉదారమైన నిబంధనే. కానీ చట్టబద్ధమైన ప్రతి అంటే ఏమిటి? రాజ్యం స్వయంగా అధికారిక విపణిని మూసివేసిన కాలంలో బజారులో దొరికినదంతా నకలే. ఆనాడు కొనే దారి లేకుండా చేసి, ఈనాడు కొన్న రుజువు చూపమనడం న్యాయంలో పొసగదు. ఈనాడైనా కొందామంటే దారి ఇరుకే: 2017 నాటి నింటెండో స్విచ్ భారతదేశంలో అధికారికంగా విడుదల కాలేదు, పాత యంత్రాలైన వీ యూ, 3డీఎస్‌ల ఆన్‌లైన్ దుకాణాలను ఆ సంస్థ 2023 మార్చిలో మూసివేసింది. అమెరికాలోనే 2010కి ముందు విడుదలైన ఆటలలో 87 శాతం నేడు మార్కెట్లో దొరకవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో తేల్చింది. పరిశోధకులకైనా గ్రంథాలయాలు వాటిని దూరం నుంచి చూపవచ్చునన్న వినతిని 2024 అక్టోబరులో అక్కడి కాపీరైట్ కార్యాలయం తిరస్కరించింది.

భారతదేశానికి ఈ విషయంలో అనుభవం లేకపోలేదు. తొలి భారతీయ టాకీ ఆలం ఆరా (1931), తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద (1932) ప్రతులు నేడు లేవు. జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ 1964లో వెలిసే నాటికి నష్టం జరిగిపోయింది. పుస్తకాల విషయంలో రాజ్యం ముందే మేలుకున్నది: 1954 చట్టం ప్రకారం ప్రతి ప్రచురణకర్తా కలకత్తా జాతీయ గ్రంథాలయానికి, మరికొన్ని గ్రంథాలయాలకు ప్రతిని సమర్పించాలి. వీడియో గేముకు అటువంటి బాధ్యత ఏదీ ఆ చట్టంలో లేదు. 2009లో హైదరాబాదుకు చెందిన ఆరోనా టెక్నాలజీస్ ప్లేస్టేషన్ 2 కోసం రూపొందించిన హనుమాన్: బాయ్ వారియర్‌కు కూడా ఆ చట్టం వర్తించదు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టాన్ని ఆమోదించింది. డబ్బు పందేలను నిషేధించింది; ఈ-స్పోర్ట్స్‌కు గుర్తింపు ఇచ్చింది. రాజ్యం దృష్టిలో ఆట ఒక వ్యసనం, లేదా ఒక పరిశ్రమ. అది సంస్కృతి కూడా అన్న గ్రహింపు ఇంకా చట్టంలోకి రాలేదు.

చేయవలసినది అసాధ్యమేమీ కాదు. 1954 చట్టాన్ని డిజిటల్ కృతులకు విస్తరించాలి. మార్కెట్ నుంచి తొలగిన ఆటలను గ్రంథాలయాలు భద్రపరచి చూపేందుకు కాపీరైట్ చట్టంలో స్పష్టమైన మినహాయింపు ఇవ్వాలి. కద్మాలోనో బిష్టుపూర్‌లోనో అటక మీద తుప్పు పడుతున్న పెట్టెలు నకళ్లే కావచ్చు. కానీ మూసిన ఆర్థిక వ్యవస్థలో ఒక తరం ఏమి చూసింది, ఏమి చూడలేకపోయింది అన్నదానికి అవే మిగిలిన ఆధారాలు. ఆ తరం తన వంతు బకాయిని రాత్రిపూట, పిల్లలు నిద్రపోయాక, ఒక్కొక్క ఆటగా తీర్చుకుంటున్నది. రాజ్యం తన వంతు పద్దును ఇంకా తెరవనే లేదు.