ఇందూరులో పౌరవిద్య: మహాసభ నుంచి విశ్వవిద్యాలయం దాకా

1937లో నిజామాబాద్ ప్రాంతంలో రెండు ఘటనలు జరిగాయి. బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడింది. నిజామాబాద్ పట్టణంలో మందుముల నరసింగరావు అధ్యక్షతన ఆరవ ఆంధ్ర మహాసభ జరిగింది. మొదటిదాన్ని పరిశ్రమల చరిత్రలోనూ, రెండోదాన్ని ఉద్యమాల చరిత్రలోనూ చదువుకుంటాం. రెండింటినీ ఒక్కచోట పెట్టి చూసే అలవాటు మనకు లేదు. అలా చూస్తే తప్ప ఈ నేల మీద పౌరవిద్య అనే మాటకు అర్థం దొరకదు.

ఆనాటికి హైదరాబాద్ రాజ్యంలో విశ్వవిద్యాలయం లేకపోలేదు. ఉస్మానియా 1918లోనే వెలిసింది. ఒక భారతీయ భాషను ఉన్నతవిద్యకు మాధ్యమం చేసిన దాని ఘనతను తక్కువ చేయనక్కరలేదు. శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తేవడానికి ఒక అనువాద శాఖనే నెలకొల్పారు. సొంత భాషలో చదువు అని నేటికీ మనం సభల్లో వల్లించే సూత్రాన్ని ఆచరించి చూపింది ఆ సంస్థ. అయితే అది ఎవరి భాష? నిజాంసాగర్ కాలువ కింద చెరకు నాటే తెలుగు కూలికి ఆ చదువు అందలేదు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పేద ముసల్మానుకు సైతం అక్షరం రాకపోతే ఆ గ్రంథాల వల్ల ఒరిగింది లేదు. ఇక 1938లో వసతి గృహాల్లో వందేమాతరం పాడిన విద్యార్థులను ఉస్మానియా బయటికి పంపింది. వారిలో అనేకులు నాగపూర్ వెళ్లి చదువుకోవలసి వచ్చింది. ప్రభువుకు కావలసింది చదువుకున్న ప్రజలే గాని పౌరులు కారు.

అసలైన పౌరవిద్య ఆ గోడల వెలుపల సాగింది. గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు ప్రకారం ముందుగా అనుమతి పొందనిదే బహిరంగ సభ జరపకూడదు. అటువంటి రాజ్యంలో ఒక సభ పెట్టడమే పాఠం. అధ్యక్షుణ్ణి ఎన్నుకోవడం, తీర్మానం ప్రతిపాదించడం, సవరణ కోరడం, ఓడిపోతే కూర్చోవడం: ఇవన్నీ జనం అక్కడే నేర్చుకున్నారు. తొలినాటి మహాసభను నెత్తికెత్తుకోవలసిన పని కూడా లేదు. వకీళ్లూ, భూమి గలవారూ నడిపిన సంస్థ అది. విన్నపాల భాష దానిది. రైతుకూలీల గొంతు అందులో బలంగా వినిపించింది 1941లో చిలుకూరు సభకు రావి నారాయణరెడ్డి అధ్యక్షుడైన తర్వాతే. మరోవైపు వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, పుస్తకాలు తానే మోసుకుని ఊరూరా తిరిగి అమ్మాడు. ఆయనా, దాశరథీ 1948లో నిజామాబాద్ జైల్లో కలిసి ఉన్నారు. దాశరథి బొగ్గుతో ఆ గోడల మీద పద్యాలు రాశాడు. సాహిత్య విద్యార్థులు ఆ గోడను పాఠ్యగ్రంథంగానే లెక్కించాలి.

జిల్లాకు సొంత విశ్వవిద్యాలయం రావడానికి 2006 దాకా ఆగవలసి వచ్చింది. డిచ్‌పల్లిలో తెలంగాణ విశ్వవిద్యాలయం నెలకొన్నది ఆ ఏడాదే. అంతకు ముందే దేశంలో పౌరవిద్యకు ఒక సర్కారు మూస సిద్ధమైంది. 1969లో జాతీయ సేవా పథకం వచ్చింది. 1976లో, ఎమర్జెన్సీ చీకట్లో, నలభై రెండవ సవరణ వచ్చింది. ఈ సవరణ దగ్గర కాస్త ఆగాలి. ప్రాథమిక విధులను రాజ్యాంగంలో చేర్చింది ఇదే. పరిశ్రమల నిర్వహణలో కార్మికులకు భాగస్వామ్యం కల్పించడానికి రాజ్యం చర్యలు తీసుకోవాలని చెప్పే 43ఎ అధికరణం కూడా దీని ద్వారానే వచ్చింది. ఒకే కాన్పులో పుట్టిన కవలలన్నమాట. విధులను తరగతి గోడల మీద రాయించారు, పిల్లల చేత చదివించారు. 43ఎ మీద ప్రత్యేకోపన్యాసం విన్నవారు మనలో ఎందరున్నారు? రెండోది న్యాయస్థానంలో అమలు కోరడానికి వీల్లేని ఆదేశిక సూత్రం గదా అనవచ్చు. విధులకూ కోర్టు బలం లేదు గదా!

2002లో బోధన్ ఫ్యాక్టరీలో అధిక వాటా ప్రైవేటు చేతుల్లోకి పోయింది. 2015 నవంబరు 26న దేశమంతటా తొలిసారి రాజ్యాంగ దినోత్సవం జరిగింది. మరుసటి నెలలో, డిసెంబరులో, ఆ ఫ్యాక్టరీ మూతపడింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకున్న చక్కెర ఫ్యాక్టరీ అది. కాలువ నీళ్లున్నా చెరకు రైతు వేరే పంటకు మళ్లాడు. ఆ మూతపడిన గేటు ముందు కూచున్న కార్మికుడికి రాజ్యాంగ పీఠిక చదివి వినిపిస్తే ఏమి లాభమని వెక్కిరించేవారున్నారు. నేను వారితో ఏకీభవించను. చదవాలి, అయితే 43ఎతో కలిపి చదవాలి, అక్కడే చదవాలి. డిచ్‌పల్లికీ శక్కర్‌నగర్‌కూ మధ్య దూరం సుమారు నలభై కిలోమీటర్లు. తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడూ వినిపించే ఊరు బోధన్. ఆచార్యుడు ఆ మూడు భాషల్లోకీ అనువాదకులను వెంటబెట్టుకుని వెళ్లి, మాట్లాడి, తరువాత చర్చకు వదిలిపెట్టవచ్చు. అధ్యక్ష స్థానంలో గానుగ దగ్గర పనిచేసి మానిన మనిషి కూర్చోవచ్చు. 1937లో ఇందూరు సభలో జరిగినట్టే చివర తీర్మానాలు పెట్టవచ్చు, ఓటుకు వేయవచ్చు.