ముష్టి కాదు, ముష్కీ

మా నానా వేంపల్లెలో జట్కా తోలేవాడు. శ్రావణమాసం శనివారాలొస్తే ఆయనకు పొద్దున్నించి ఫుర్సత్ ఉండేది కాదు. గండి వీరాంజనేయస్వామి దర్శనానికి పోయే జనాన్ని పాపఘ్ని ఒడ్డుకు చేర్చి, మళ్లీ ఊళ్లోకి తెచ్చేవాడు. నల్లగా నిగనిగలాడే తన గుర్రాన్ని 'ముష్కీ' అని పిలిచేవాడు. బండెక్కినోళ్లకు అది 'ముష్టి' అని వినపడేది. "ఏం సాయిబూ, ముష్టిదాన్ని కట్టుకొచ్చినావు, గండికి చేరుస్తాదా?" అని నవ్వేవాళ్లు. నానా మనసు నొచ్చుకునేది. "ముష్టి కాదు తల్లీ, ముష్కీ. ముష్క్ అంటే కస్తూరి. మీ దేవుళ్లకు తిలకం దిద్దేదే" అనేవాడు.

ఒక్క హర్ఫ్ తప్పితే కస్తూరి కాస్తా భిక్షమైపోయింది. గుర్రాల పేర్ల ఖిస్సా అంతా ఇలాంటిదే.

మన దేశపు వాతావరణంలో మేలుజాతి గుర్రాల పెంపకం సరిగా సాగేది కాదు. అందుకే అరబ్బు, ఈరాన్ సౌదాగర్లు ఓడల్లో తెచ్చి అమ్మేవాళ్లు. హొర్ముజ్ గుర్రాలు, నాటు గుర్రాలు కలిపి విజయనగర రాయలు ఏటా 13,000 కొనేవాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. గుర్రంతో పాటు దాని పేరూ దిగింది. ఎరుపు, గోధుమ కలిసి తోక, జూలు నల్లగా ఉంటే కుమైత్. నలుపు, తెలుపు మచ్చలుంటే అబ్లక్. జీను, లగాము, సవారీ, సయీసు, అన్నీ ఆ దారిన వచ్చినవే. 12వ శతాబ్దంలో హేమచంద్రుడు తన సంస్కృత నిఘంటువులో గుర్రాల రంగులకు సేరాహ, ఖోంగాహ, కియాహ లాంటి పేర్లిచ్చాడు. అవీ బయటినుంచి వచ్చినవేనని పండితుల మాట.

అలాగని తెలుగు ఖాళీ చేతులతో కూర్చోలేదు. కళ్లెం మనదే. నాలుగు కాళ్లూ, ముఖమూ తెల్లగా ఉంటే పంచకల్యాణి అన్నారు. మనుమంచిభట్టు గుర్రాల మీద 'హయలక్షణ విలాసం' అని ఏకంగా ఒక కావ్యమే రాశాడు.

నేను ఉర్దూ మీడియంలో చదివి డిగ్రీలో తెలుగు తీసుకున్నాను. 'తేజి' అనే మాట వచ్చినప్పుడు పాఠం చెప్పే ఆయన, తేజస్సు గలది కాబట్టి తేజి అన్నాడు. నేను లేచి "సార్, తాజీ అంటే పార్సీలో అరబ్బు అని అర్థం, అరబ్బు గుర్రం" అన్నాను. "అన్నీ మీవేనా?" అన్నాడాయన. క్లాసంతా నవ్వింది. నేను కూర్చున్నాను. ఆ 'మీవి' ఇప్పటికీ గుచ్చుకుంటుంది. లఫ్జ్ ఎక్కడ పుట్టిందో చెబితే దాన్ని లాక్కున్నట్టా? 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్‌కు ఈ బాధ లేదు. తెలుగులో కలిసిపోయిన అన్యదేశ్యాలకు 1854లో విడిగా ఒక మిశ్రభాషా నిఘంటువే అచ్చువేశాడు. తెలుగువాళ్లు వాడుతున్నారు గనక అవి తెలుగు మాటలే అన్నది ఆయన లెక్క.

తలఫ్ఫుజ్ సంగతి కూడా చెప్పాలి. మొహర్రంలో తలుచుకునే ఇమాం హుసేన్ గుర్రం పేరు జుల్జనా, అంటే రెక్కలు గలది. తెలుగు లిపిలో రెండు 'జ'లూ ఒకటే. నోట్లో ఒకటి కావు. మొదటిది 'జున్ను'లో జ లాగా, రెండోది 'జీతం'లో జ లాగా పలకాలి. చాలామంది దీన్నే దుల్దుల్ అంటారు. అసలు దుల్దుల్ గుర్రం కాదు, ప్రవక్త గారికి ఈజిప్టు నుంచి నజరానాగా వచ్చిన కంచరగాడిద.

ఈ తంటా మనకొక్కరికే కాదు. పొట్టి గుర్రాలకు పేరుపడ్డ వేల్స్ దేశంలో గుర్రాన్ని 'కెఫిల్' అంటారు. ఎరుపును 'కోఖ్' అంటారు. ఆ చివరి అక్షరం అచ్చం మన 'ఖుదా'లో ఖ. ఇంగ్లీషువాళ్ల నాలుక అక్కడ తడబడుతుంది. నానా అయితే ఒక్కసారికే పలికేవాడు.

ఆటోలొచ్చాక ముష్కీని అమ్మక తప్పలేదు. కొన్నాయన పేరేమని అడిగాడు. నానా చెప్పి, ఆయనచేత రెండుసార్లు పలికించి గాని పగ్గం చేతికివ్వలేదు.